వంతుల చదువు

గొంతు పాడైపోయి, గడువుకన్నా ముందే ఉద్యోగం వదిలిన ప్రధానోపాధ్యాయురాలిని నేను. ఎక్కువగా మాట్లాడవద్దని డాక్టరుగారు చెప్పారు కనుక, చెప్పదలచినది రాస్తున్నాను. మచిలీపట్నంలో ఉద్యోగం మొదలుపెట్టి, గుడివాడలో మధ్యకాలం గడిపి, దివిసీమలో ముగించాను. ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, ఏ ఫైలు ఎక్కడ ఎన్నాళ్ళు ఆగిందో ఇక్కడ రాయను. అవన్నీ నా డైరీల్లో తేదీలతో సహా ఉన్నాయి; అక్కడే ఉండనివ్వండి.

కొత్తగా బడుల్లో చేరుతున్నవారికి ఒక్క సంగతే చెబుతాను. మీ ముందు కూర్చున్న బిడ్డ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారు, వారిలో ఈ బిడ్డ ఎన్నోది అన్నది ఆ బిడ్డ చదువును ఎటు తిప్పుతుంది అనే సంగతి. శిక్షణ కళాశాలలో ఇది నాకెవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళలో నాకు తెలిసిందీ కొంచెమే. ఆ కొంచెమైనా ఉత్సాహపరిచే జ్ఞానం కాదు.

గేటు దగ్గర ప్రశ్న

మచిలీపట్నంలో నా మొదటి ప్రధానోపాధ్యాయుణ్ణి మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. ప్రార్థన అయ్యాక వచ్చే పిల్లలకోసం ఆయన స్వయంగా గేటు దగ్గర నిలబడేవారు. ఎందుకు ఆలస్యమయిందని అడిగేవారు కాదు.

“ఏమ్మా, ఇంట్లో నువ్వెన్నోదానివి?”

“పెద్దదాన్నండి.”

“లోపలికెళ్ళు. నువ్వెన్నోవాడివిరా?”

“కడగొట్టోణ్ణండి.”

“అయితే ఇక్కడే నిలబడు.”

నేను కొత్తదాన్ని, చూసి ఊరుకోలేకపోయాను. “ఇదేం న్యాయమండీ? ఇద్దరూ ఒకేసారి వచ్చారుగా?” అన్నాను.

“కడగొట్టువాడు ఆలస్యంగా వచ్చాడంటే నిద్రపోయాడని అర్థం. పెద్దపిల్ల ఆలస్యంగా వచ్చిందంటే అందరికన్నా ముందు లేచిందని అర్థం. నువ్వు ఒక్కతివే కదమ్మా, నీకు తెలీదులే,” అన్నారు.

నిజమే, మా అమ్మానాన్నలకు నేను ఒక్కతినే. మా నాన్నగారు కూలి కుటుంబంలో ఆరుగురిలో ఐదోవారు. మిషను బడిలో చదివి అక్కడే ఉపాధ్యాయుడయ్యారు. ఆయన చదువుకున్నారని తెలుసు. ఆయన పైవాళ్ళు నలుగురూ చదువుకోలేదనీ తెలుసు. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందన్న ఆలోచన మాత్రం ఆ గేటు దగ్గరే నాకు మొదటిసారి వచ్చింది.

గీతలు గీసిన పుస్తకం

పిల్లలు తక్కువైతే చదువు దానంతటదే బాగుపడుతుందని నమ్మేవారిని గుడివాడలో కొన్నాళ్ళు పనిచేయమంటాను. అక్కడ నా బడిలో ఎక్కువ ఇళ్ళు ఇద్దరు పిల్లల ఇళ్ళే. ఒక బియ్యం వ్యాపారికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు గుడ్లవల్లేరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. చిన్నవాడు మా తొమ్మిదో తరగతిలో ఉండి ప్రతి పరీక్షలోనూ అత్తెసరు మార్కులు తెచ్చుకునేవాడు. తండ్రి నెలకోసారి వచ్చి నా గదిలో కూర్చునేవారు.

“పెద్దాడు దారి వేసి పెట్టాడండీ. వీడు దానిమీద నడవడానికే ఏడుస్తున్నాడు,” అనేవారు.

ఒకరోజు తండ్రి వెళ్ళాక పిల్లవాణ్ణి నిలదీశాను. వాడు తన సైన్సు పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. “చూడండి మేడం. జవాబులన్నిటి కింద మా అన్నయ్య ముందే గీతలు గీసేశాడు. నేను చదవాలంటే నాక్కూడా ఏదో ఒకటి మిగలాలి గదండీ,” అన్నాడు.

అన్న మంచివాడే. తమ్ముడికి సాయం చేస్తున్నాననుకునే ఆ గీతలు గీశాడు. పెద్దపిల్లలు చదివిన ఇంట్లో చిన్నవాళ్ళకు దారి సులువవుతుందని ఇప్పటికీ నమ్ముతాను. చాలామంది విషయంలో అది నిజమే. కానీ ఆ సులువు అందరికీ ఒకేలా పనిచేయదు. ఆ పిల్లవాడికి కొత్త పుస్తకం తెప్పించి ఇచ్చాను. మార్కులు కొద్దిగా పెరిగాయి, అద్భుతమేమీ జరగలేదు. తండ్రి మాత్రం నెలకోసారి రావడం మానలేదు.

జంట చేరికలు

ఘంటసాల ఊరు మొదలుకొని సముద్రం దాకా ఒక అలవాటు ఉంది, మీకూ ఎదురవుతుంది. పెద్దబిడ్డకు బడి ఈడు వచ్చినా పంపరు. రెండోబిడ్డకు కూడా ఈడు వచ్చేదాకా ఆగి, ఇద్దరినీ ఒకేరోజు ఒకే తరగతిలో చేర్చుతారు. “తోడుంటారు గదండీ” అంటారు. పెద్దబిడ్డకు జరిగే ఆలస్యం వాళ్ళ దృష్టిలో ఆలస్యం కాదు, కాపలా. ఆ తర్వాత పదేళ్ళపాటు అక్కాతమ్ముళ్ళను ఒకే బల్లమీద చూస్తాం, వాళ్ళను పోల్చకుండా ఉండడం మనవల్ల కాదు. పోల్చకండి. ఇంతకుమించి సలహా నా దగ్గర లేదు.

దివిసీమలో, హంసలదీవి దగ్గరి ఉన్నత పాఠశాలలో, అలా చేరినవాళ్ళే దుర్గ, మోపిదేవి. మోపిదేవి స్వామికి మొక్కుకుంటే పుట్టినవాడు కనుక తమ్ముడికి ఆ పేరు. అక్క వాడికన్నా ఒకటిన్నర ఏడు పెద్దది. వాళ్ళ తర్వాత ఇంకా ముగ్గురు. మధ్యవాళ్ళిద్దరూ ఊళ్ళో ప్రాథమిక పాఠశాలకు తమంతట తామే వెళ్ళేవారు. అందరికన్నా చిన్నవాడికి అప్పుడప్పుడే మూడేళ్ళు నిండాయి. తండ్రి చేపల వేటకు వెళ్ళే పడవల్లో మనిషి. తల్లి నాంచారమ్మ రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి తెల్లవారగానే ఆటోలో వెళ్ళి సాయంత్రానికి వచ్చేది.

నేను ఆ బడికి వచ్చిన ఏడు వాళ్ళిద్దరూ తొమ్మిదో తరగతి. హాజరు పట్టీలో ఇద్దరికీ సగం రోజులే ఉన్నాయి. సోమరితనం అనుకున్నాను. ఒక బుధవారం ఆ తరగతికి మాస్టారు రాకపోతే నేను వెళ్ళి, ముందురోజు పాఠంలోంచి మోపిదేవిని అడిగాను.

“ఘర్షణ అంటే ఏంట్రా?”

“బురదగట్టు మీద నడిచేటప్పుడు బొటనవేలు పాతుకుంటాం గదండి, అదండి. అది లేపోతే మన సైన్సు మాస్టారు కుర్చీలోంచి జారి గేటుదాకా ఎళ్ళిపోతారండి.”

తరగతి అంతా నవ్వింది. కుర్చీ మాట మాస్టారే ముందురోజు అన్నారని పక్కపిల్లలు చెప్పారు. పట్టీ చూస్తే మంగళవారం మోపిదేవి రాలేదు.

“నిన్న నువ్వు రాలేదుగా?”

“అక్కొచ్చిందండి.”

బొటనవేలి సంగతి పుస్తకంలో లేదు, మాస్టారూ చెప్పలేదు. అది దుర్గ కలిపింది. నేను అక్కడే కూర్చుని పట్టీలో ఇద్దరి వరసలూ కలిపి చూశాను. అక్క వచ్చిన రోజు తమ్ముడు లేడు, తమ్ముడు వచ్చిన రోజు అక్క లేదు. ఒకరోజు ఒకరు బడికి, ఇంకొకరు చిన్నవాడి కాపలాకు. బడికి వచ్చినవాళ్ళు సాయంత్రం రెండోవాళ్ళకు పాఠం మొత్తం అప్పజెప్పేవారు. ఇద్దరికీ కలిపి ఒక పూర్తి హాజరు, ఇద్దరికీ పూర్తిగా వచ్చిన పాఠం.

ఎవరో ఒకరిని

ఆ సంగతి మండల విద్యాధికారిగారికి చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. ఏ ఊళ్ళో ఏ బిడ్డ బడి మానేసినా ఆయన సమాధానం చెప్పుకోవాలి. పదో తరగతి పరీక్షకు కూర్చోవాలంటే నాలుగింట మూడు వంతుల హాజరు ఉండాలన్నది ఆయన పట్టుదల.

“మేడంగారూ, ఇద్దర్నీ సగం సగం లాగితే ఇద్దరూ పోతారు. ఎవరో ఒకళ్ళని గట్టిగా పట్టుకోండి. రెండోవాళ్ళని తర్వాత ఓపెన్ స్కూల్లో చూద్దాం. ఎవరన్నది తల్లిదండ్రులతో తేల్చేయండి.”

ఆయన మాటలో లెక్క తప్పు లేదు. ఒక ఆదివారం ఆరాధన ముగించుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తండ్రి వేటలో ఉన్నాడు. నాంచారమ్మ గుమ్మంలో వల బాగుచేస్తోంది, ఇద్దరు పిల్లలూ పక్కనే ఉన్నారు. నేను చెప్పవలసింది చెప్పి, ఒకరినే పంపవలసివస్తే ఎవరిని పంపుతావని అడిగాను.

ఆమె చేతిలో పని ఆపలేదు. “బళ్ళో అంతమందిని కూచోబెట్టేది మీరు. ఒకళ్ళని లెగమని చెప్పలేక నా ఇంటికొచ్చారా టీచరుగారూ?” అంది.

“అక్కని పంపండి. నాకు ఇంగ్లీషు ఎలాగూ రాదు,” అన్నాడు మోపిదేవి.

“వాడికి వచ్చండి. అబద్ధం,” అంది దుర్గ. “నాకంటే బాగా చదువుతాడు. వాణ్ణే రానివ్వండి.”

“నోరు ముయ్యండి ఇద్దరూ,” అంది తల్లి.

చిన్నవాణ్ణి అంగన్‌వాడీకి ఎందుకు పంపడం లేదని అడిగాను.

“పన్నెండింటికి అన్నంపెట్టి పంపేస్తారండి. ఆ తర్వాత పిల్లోణ్ణి చూడ్డానికి మనిషుండాలిగా? ఎలాగూ ఒకళ్ళు ఉండాల్సొచ్చినప్పుడు పొద్దుటి నుంచే ఉంటే పోలా?”

ఆ ఇంట్లో సగం రోజు పోతే రోజు మొత్తం పోయినట్టే. బడిలో అలా కాదు. ఉదయం హాజరు వేరు, మధ్యాహ్నం హాజరు వేరు. నేను అక్కడినుంచి బయల్దేరి, గట్టుమీద నడుస్తూ లెక్క వేసుకున్నాను. చిన్నవాడు ఉదయం అంగన్‌వాడీలో ఉంటే ఉదయాలన్నీ ఇద్దరూ రావచ్చు, అది సగం. మధ్యాహ్నాలు వంతులవారీగా వస్తే ఒక్కొక్కరికి ఇంకో పావు. సగమూ పావూ కలిపితే ముప్పావు. అధికారిగారు అడుగుతున్నదీ ముప్పావే. బస్టాపు చేరకుండానే వెనక్కి తిరిగి వెళ్ళి నాంచారమ్మకు చెప్పాను.

“ఇద్దరూనా?” అని రెండుసార్లు అడిగింది.

జ్వరం రాకూడదు

మర్నాడు కాలనిర్ణయ పట్టిక మార్చి లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు ఉదయానికి తెచ్చాను. లెక్కల మాస్టారు నా గదికి వచ్చి కూర్చున్నారు.

“మధ్యాహ్నం లెక్కలు చెబితే పిల్లలు నిద్రపోతున్నారని కాళ్ళావేళ్ళా పడ్డాను. అప్పుడు కుదరదన్నారు. ఇప్పుడు ఇద్దరికోసం బడి మొత్తం తిప్పేశారా?”

“మీ కోరిక తీరిందిగా మాస్టారూ.”

“తీరిందండీ. నా మాట మీద తీరలేదనే బాధ,” అని నవ్వేసి వెళ్ళారు.

అధికారిగారు కాగితంమీద నా లెక్క చూసి తల ఊపారు. “బాగానే ఉంది. కానీ ఇందులో ఒక్క పూట కూడా మిగులు లేదు మేడంగారూ. జ్వరమొస్తే?”

“జ్వరం రాకూడదండి,” అన్నాను.

పదో తరగతిలో, వర్షాలప్పుడు, జ్వరం వచ్చింది. మోపిదేవి వారం రోజులు లేవలేదు. పోయిన పూటలు వాడికి తిరిగి రావాలంటే దుర్గ తన మధ్యాహ్నాలు వదులుకోవాలి. వదులుకుంటే ఆమె హాజరు తగ్గిపోతుంది. ఆమె వచ్చి నన్నేమీ అడగలేదు. తన వంతు మధ్యాహ్నం ఇంటికి వెళ్ళిపోయి, తమ్ముణ్ణి బడిలో ఉంచడం మొదలుపెట్టింది. మూడోసారి వెళ్తుంటే ఆమెను గేటు దగ్గర ఆపాను.

“ఎక్కడికి?”

“చిన్నోణ్ణి తీసుకోవాలండి. వాడికి పూటలు తగ్గాయిగా.”

“వెళ్ళి చిన్నోణ్ణి ఇక్కడికి తీసుకురా.”

అప్పటినుంచి కొన్ని వారాలపాటు చిన్నవాడు మధ్యాహ్నాలు నా గదిలో చాపమీద నిద్రపోయాడు. అధికారిగారు చెప్పకుండా తనిఖీకి వచ్చింది అలాంటి మధ్యాహ్నమే. గుమ్మంలో ఆగి పిల్లవాణ్ణి చూశారు.

“ఇది హైస్కూలా, అంగన్‌వాడీయా మేడంగారూ?”

“మధ్యాహ్నం దాకా హైస్కూలండి.”

ఆయన ముఖం ముడుచుకున్నారు. కూర్చున్నారు. తనిఖీ మొత్తం గొంతు తగ్గించి చేశారు. వెళ్ళేటప్పుడు కుర్చీ చప్పుడు చేయకుండా వెనక్కి జరిపారు. పైఅధికారులమీద నాకున్న ఫిర్యాదులు చాలానే. వాటిలోంచి ఆయన్ని ఆ రోజే మినహాయించాను.

మీరు దీన్ని విజయమని అనుకోకండి. ఆ రెండేళ్ళూ ఆ ఇద్దరి హాజరు కాపాడడంలోనే నా ఓపిక చాలావరకు ఖర్చయింది. అదే బడిలో, అలాంటి ఇళ్ళనుంచే వచ్చిన ఇంకెందరో పెద్దపిల్లలు నా కళ్ళముందే మెల్లగా రావడం మానేశారు. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క లెక్క కావాలి. అన్ని లెక్కలు వేసే మనిషి ఏ బడిలోనూ ఉండరు. ఇది నిరాశతో అంటున్న మాట కాదు, పని కొలత చెబుతున్నాను.

రెండు టీసీలు

ఇద్దరూ పదో తరగతి పాసయ్యారు. దుర్గకు మార్కులు బాగా వచ్చాయి, మోపిదేవికి ఫరవాలేదు. నా ఉద్యోగానికి అదే చివరి వేసవి. ఒక ఉదయం నాంచారమ్మ షెడ్డు మానుకుని ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చింది.

“టీసీలు కావాలండి. రెండూ.”

“ఇద్దరినీ కాలేజీకి పంపుతున్నావా?” సంతోషంగానే అడిగాను.

“ఒకటి కాలేజీకండి. ఒకటి ఇంట్లో పెట్టుకుంటాం.”

అవనిగడ్డలో కాలేజీ, అక్కడే హాస్టలు. అక్కడ ఉదయం ఒకరు, మధ్యాహ్నం ఒకరు అంటే కుదరదు. చిన్నవాడు ఒకటో తరగతిలో చేరడానికి ఇంకో ఏడాది ఉంది. అప్పటిదాకా ఒకరు ఊళ్ళో ఉండాలి.

“ఎవరిది కాలేజీకి?” అన్నాను.

“వాడిదండి,” అంది దుర్గ.

“అక్కదండి,” అన్నాడు మోపిదేవి. “జొరమొచ్చినప్పుడు దాని పూటలు నాకిచ్చింది. ఇప్పుడు వంతు దానిదే.”

“అవి ఇచ్చినవి కాదు, చిన్నోడు ఇక్కడే పడుకున్నాడుగా. రెండు పూటలే. దానికి సంవత్సరం ఇస్తావా?”

“ఇస్తే నీకేంటి?”

“పొద్దుటినుంచి ఇదే గోలండి,” అంది తల్లి. “ఇద్దరూ వంతు నీదంటే నీదని. నేను తేల్చేశాను. పెద్దదే వెళ్తుంది.”

నా అనుభవంలో తల్లులు అలా తేల్చరు. ఎందుకని అడిగాను.

నాంచారమ్మ పిల్లలవైపు చూడకుండా చెప్పింది. “మగపిల్లోణ్ణి యేడాది ఇంట్లో ఉంచితే పడవెక్కిస్తారండి. తెల్లారగట్ల ఎళ్ళి పన్నెండుకల్లా ఒడ్డుకొస్తాడు, చిన్నోణ్ణి చూసుకుంటాడు. ఆడపిల్లని యేడాది ఉంచితే సంబంధాలు పట్టుకొస్తారు. పడవైతే దిగొచ్చండి.”

దుర్గ తల వంచుకుంది. మోపిదేవి మాత్రం పందెం గెలిచినవాడిలా అక్కను మోచేత్తో పొడిచాడు.

నాకు ఆ తల్లి తర్కంలో ఒక్క లోపమూ కనబడలేదు, ధైర్యమూ కలగలేదు. పడవెక్కినవాళ్ళు దిగి రావడం నేను తరచుగా చూడలేదు. మొదటి నెల కూలి చేతికొచ్చాక పుస్తకం బరువు మారిపోతుంది. ఆ మాట పిల్లవాడి ముందు అనలేదు. టీసీలో బడి విడిచిన కారణం రాయవలసిన గడి ఉంటుంది. దుర్గ కాగితంలో ‘పైచదువుల నిమిత్తం’ అని రాశాను. మోపిదేవి కాగితంలోనూ అదే రాసి, సంతకం చేసి ముద్ర వేశాను.

వాడు తనది చదువుకుని నావైపు చూశాడు. “నాది కూడా అలాగే రాశారేంటండి?”

“తప్పా?”

“కాదండి,” అన్నాడు వాడు.

తల్లి తన సంచీ తెరిచి, మడిచి ఇటివ్వమంది. మోపిదేవి ఇవ్వలేదు. “మడతపడితే కాలేజీలో తీసుకోరంట, అక్క చెప్పింది,” అన్నాడు. గోడకున్న పాత క్యాలెండరు అట్ట నన్నడిగి తీసుకుని, తన కాగితాన్ని దానిమీద పరిచి, రెండు చేతులతో పట్టుకుని గేటు దాటాడు.